సెల్మా విన్న మాట

వెర్లిన్ హాస్ రేడియో మీట నొక్కి, ఏమీ అనకుండానే వదిలేశాడు. అవతల కౌంటీ రేడియో గదిలో కూర్చున్న అమ్మాయి మళ్ళీ అడిగింది.

"చీఫ్, ఆసుపత్రి హెలికాప్టర్ వాళ్ళు అడిగి అడిగి నన్ను చంపేస్తున్నారు. ఇది రెస్క్యూనా, రికవరీయా? ఏదో ఒకటి తేల్చి చెప్పండి."

ఏదో ఒకటట. ఆ పిల్లకేం, వెచ్చటి గదిలో కూర్చుని ఎన్నయినా అడుగుతుంది. ఫైరు దళంలో చేరిన ప్రతివాడికీ మొదటి వారంలోనే నూరిపోసే మాటలు ఆ రెండూ. మనిషి బతికున్నాడని నమ్మి వెతికితే రెస్క్యూ. ఇక లేడని నిశ్చయించుకుని ఒళ్ళు మాత్రం బయటికి తీస్తే రికవరీ. రెస్క్యూ అంటే పరుగు, రికవరీ అంటే నడక. మొదటిదానికి దళంలో వాళ్ళు ప్రాణాలకు తెగించవచ్చు. రెండోదానికి ఒక్కడి కాలిగోరు కూడా ఊడకూడదు. పోయినవాడి కోసం ఉన్నవాణ్ణి పోగొట్టుకున్న దళపతిని ఊరు క్షమించదు, క్షమించకూడదు కూడా. ఇదంతా వెర్లిన్ తానే కొత్తవాళ్ళకు పాఠంలా చెప్పాడు. చెప్పడం తేలికే.

గింజల గాదెలో కూరుకుపోయింది లైల్ థోర్సన్ మరి. బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్నవాడు. వెర్లిన్ పెళ్ళిలో ఉంగరం ఎక్కడ పెట్టాడో మరిచిపోయి చర్చి అంతా వెతికించినవాడు.

పోయిన శరత్తులో వానలు వదలక మొక్కజొన్న తడిగానే కోసి గాదెలకెక్కించారు జనం. చలి ముదిరేసరికి ఆ తడిగింజ బూజుపట్టి, పైన పెచ్చులా అట్టకట్టుకుపోయింది. ఇవాళ పొద్దున్నే కాఫీ తాగి లైల్ పాత మకాంలో ఉన్న పెద్ద రేకు గాదె దగ్గరికి వచ్చాడు. అడుగున గింజను లాగే మర ఆడించాడు. గింజ జారడం లేదని పైకెక్కి, గాదెలోకి దిగి, ఇనుపకడ్డీతో ఆ పెచ్చును పొడవసాగాడు. మర ఆడుతుంటే లోపలికి దిగకూడదని ఈ అయోవాలో నడక నేర్చిన పిల్లలకు కూడా తెలుసు. లైల్‌కు తెలియదా? తెలుసు. ఒక్క నిమిషం పనేగదా అనుకున్నాడు. అందరూ అలాగే అనుకుంటారు. కింద గింజ జారిపోయి పెచ్చు అడుగు అప్పటికే డొల్లయింది. పెచ్చు విరిగింది, లైల్ దాంతోపాటు వెళ్ళిపోయాడు.

పక్క పొలం డ్వేన్ ట్రక్కు తీసుకుని వచ్చేసరికి మర ఒక్కటే ఆడుతోంది, మనిషి లేడు. నిచ్చెన కింద లైల్ వాడే రెండో ఇనుపకడ్డీ ఆనించి ఉంది. డ్వేన్ మర ఆపి, గాదె అడుగు నుంచి గాలి పంపే ఫ్యాను వేసి, కొండ ఎక్కి ఫోను చేశాడు. ఆ పల్లంలో ఫోన్లు పనిచెయ్యవు. మాట్లాడాలంటే ఫైరుబండి రేడియో ఒక్కటే దిక్కు. వెర్లిన్‌కు వచ్చిన చిక్కు అదే.

ఎందుకంటే ఆ రేడియోలో పలికిన మాట కౌంటీ అంతా వింటుంది. ఇక్కడ ప్రతి వంటగదిలోనూ, ఫ్రిజ్ మీదో కిటికీలోనో, పోలీసుల మాటలూ ఫైరువాళ్ళ మాటలూ పట్టి వినిపించే చిన్న రేడియో ఒకటి ఉంటుంది. కోడిగుడ్లు వేయించుకుంటూ ఎవరి దూడ రోడ్డెక్కిందో, ఎవరి కొడుకు బండి కాలవలో పడ్డదో విని ముచ్చటించుకుంటారు. లైల్ ఇంట్లోనూ ఉంది. ఆ ఇంట్లో ఇప్పుడు లైల్ భార్య ఆర్డిస్, తల్లి సెల్మా కూర్చుని ఉంటారు. పొద్దున ఆర్డిస్ కోటు తొడుక్కుని బయల్దేరబోతే వెర్లినే ఆపాడు. "నువ్వు మీ అత్తగారి దగ్గరుండు. ఏ సంగతైనా నేనే వచ్చి నీ ఎదురుగా నిలబడి చెప్తాను" అన్నాడు.

"చీఫ్? వినబడుతోందా?"

వెర్లిన్ బండి అద్దంలోంచి చూశాడు. గాదె చుట్టూ రేకును కోసి కిటికీల్లా తెరిచారు. ముందు గింజ ధారగా కారింది. చుట్టుపక్కల పొలాలవాళ్ళు ట్రాక్టర్లతో తోడిపోశారు. వాకిలంతా పసుప్పచ్చని దిబ్బలు. తర్వాత ఆ అట్టలు వచ్చి కంతలకు అడ్డంపడి ధార ఆగిపోయింది. దళంలో పనిచేసే టెస్ నడుముకి తాడు కట్టుకుని, చెక్కలు పరుచుకుంటూ లోపలికి దిగి కడ్డీతో గుచ్చి గుచ్చి వెతికింది. ఉత్తరపు గోడకు అంటుకుని ఇంటి ఎత్తున నిలబడిపోయిన గింజ ఉన్నట్టుండి విరుచుకుపడింది. టెస్ గుండెల దాకా కూరుకుపోయింది. నలుగురూ తాడు పట్టి లాగితే గాని బయటపడలేదు. ఇప్పుడు బండిలో దుప్పటి కప్పుకుని కూర్చుని, పక్కటెముకలు పట్టుకుని, ఊపిరి కొంచెం కొంచెంగా పీలుస్తోంది. ఇంట్లో ఆమెకు కవల పిల్లలు. ఆ గోడకు ఇంకా సగం గింజ వేలాడుతూనే ఉంది.

ఇంతసేపు మొక్కజొన్న కింద ఎవడు బతుకుతాడు? గుండె మీద అంత బరువు పడితే ఊపిరి వదలడమే గాని పీల్చడం ఉండదు. వెర్లిన్ ఇంతకుముందు ఇద్దర్ని తీశాడు. ఇద్దరూ నీలంగానే వచ్చారు.

"రికవరీ," అన్నాడు. తన గొంతు తనకే ఎవరిదోలా వినబడింది. "అందర్నీ బయటికి రప్పించాను. హెలికాప్టర్ని పొమ్మను."

"సరే చీఫ్. రికవరీ అని రాసుకుంటున్నా." ఆ పిల్ల కాస్త ఆగి, గొంతు తగ్గించి, "సారీ అండీ" అంది.

ఒక్క మాట. ఆ మాటతో వాకిలి రంగే మారిపోయింది. అంతవరకు పరిగెడుతున్న మనుషులు నడవడం మొదలుపెట్టారు. ఎవరో కాఫీ ఫ్లాస్కు మూత తిప్పారు. డ్వేన్ తాపీగా వెళ్ళి ఫ్యాను ఆపేశాడు. పొద్దుట్నించీ చెవుల్లో హోరుమన్న మోత ఆగేసరికి మంచు మీద బూట్ల చప్పుడు కూడా వినబడింది. వెర్లిన్‌కు ఆ నిశ్శబ్దం మీద పట్టరాని కోపం వచ్చింది. ఎవరి మీద చూపాలో తెలియక బండి తలుపు ధడాలున వేశాడు.

తాళ్ళూ చెక్కలూ సర్దించి, టెస్‌ని చూసి వచ్చేసరికి పావుగంట పైనే గడిచింది. ఇప్పుడు వెళ్ళి ఆర్డిస్ ఎదురుగా నిలబడాలి. ఇచ్చిన మాట ఎలాగూ చెడింది. ఆమె ఈపాటికి వినేసి ఉంటుంది. తాళాల కోసం జేబులో తడుముకుంటున్నాడు. కంకర రోడ్డు మీద మంచు చిమ్ముకుంటూ ఆర్డిస్ కారు వచ్చి ఫైరుబండి పక్కనే ఆగింది.

ఆమె ఏడుస్తూ దిగుతుందనుకున్నాడు. ఆర్డిస్ ఒక చేత్తో బట్టల సంచీ, ఒక చేత్తో ఫ్లాస్కు పట్టుకుని చకచకా వచ్చింది.

"వెర్లిన్! రికవరీ అన్నావుగా!" అందరికీ వినబడేలా అంది. "ఇద్దరం విన్నాం. ఇదిగో, పొడి బట్టలు తెచ్చా. ఉన్ని మేజోళ్ళు, ఆ గళ్ళచొక్కా. అత్తయ్య కోడిసూపు కాచి పంపింది. గొంతు ఆరిపోయి ఉంటుంది, ముందు ఇది పట్టమంది. ఏడీ, ఎక్కడ పడుకోబెట్టారు?"

కాఫీ పోసుకుంటున్నవాడి చెయ్యి అలాగే ఆగిపోయింది. డ్వేన్ తన బూట్లను మొదటిసారి చూస్తున్నట్టు వంగి చూడసాగాడు. ఆమె ఒక్కొక్కరి మొహంలోకీ చూస్తూ నిలబడింది. ఒక్కడూ కళ్ళెత్తలేదు.

ఇంగ్లీషు అంత పిసినారి భాష మరొకటి ఉండదని వెర్లిన్‌కు అప్పుడనిపించింది. పడకమీంచి లేచి కూర్చున్నవాడికీ, చాపచుట్టి తీసుకుపోయేవాడికీ కలిపి ఒకే మాట పెట్టుకున్నారు మహానుభావులు. ఊరి ఆసుపత్రిలో ఆర్డిస్ పాతికేళ్ళకు పైగా నర్సు. పనిచేసేది ఆపరేషన్ అయినవాళ్ళు మత్తు దిగి కళ్ళు తెరిచే గదిలో. ఆ గది తలుపు మీద పెద్దక్షరాలతో రాసి ఉంటుంది, రికవరీ అని.

ఆమె భుజం పట్టుకుని బండి వెనక్కి తీసుకెళ్ళాడు.

"ఆర్డిస్, కూర్చో."

"కూర్చోను. చెప్పు."

"మా రేడియోలో ఆ మాట ఉంది చూడు... మేం దాన్ని వేరేగా..." హెల్మెట్ సర్దుకున్నాడు. "మీ ఆసుపత్రిలో అనేది వేరు. మేం అన్నామంటే..."

ఆర్డిస్ ఫ్లాస్కును బండి మెట్టు మీద నిదానంగా పెట్టింది.

"నాకు తెలుసు వెర్లిన్."

"ఏం తెలుసు?"

"మీరన్నది ఏంటో. ఏటా మీ ఫైరువాళ్ళ విందులో బంగాళాదుంపలు వడ్డించేది నేనేగా? బీరు ఎక్కువై మీరు చెప్పుకునే కథలన్నీ ఈ చెవులతో విన్నా. రెస్క్యూ అంటే పరుగు, రికవరీ అంటే నడక. నీదేగా ఆ డైలాగు?"

వెర్లిన్ సంచీ వైపు వేలు చూపించాడు. "మరి ఈ బట్టలూ, సూపూ?"

"అత్తయ్య." ఆమె సంచీని కూడా ఫ్లాస్కు పక్కన పెట్టింది. "రేడియోలో నీ మాట వినగానే చప్పట్లు కొట్టింది వెర్లిన్. చిన్నపిల్లలా. 'ఆర్డిస్, మన లైల్‌ని రికవరీకి తీసుకెళ్ళారట, విన్నావా?' అంది. పోయినేడు తుంటి ఆపరేషనయ్యి ఆవిడ కళ్ళు తెరిచింది మా గదిలోనే. ఆవిడ లోకంలో ఆ మాటకి ఇంకో అర్థం లేదు. వెంటనే లేచి నిన్నటి సూపు గిన్నె పొయ్యి మీద పెట్టింది. నేను పక్కన నిలబడి ఉల్లిపాయలు తరిగిచ్చా. ఎందుకే ఏడుస్తున్నావంటే ఉల్లిపాయలన్నా."

"చెప్పలేకపోయావా?"

"నువ్వొచ్చి చెప్తానన్నావుగా!" చురక తగిలింది. వెర్లిన్ తల దించుకున్నాడు. ఆ అవ్వ వంటగదిలో కూర్చుని కొడుకు లేచి సూపు తాగుతున్నట్టు ఊహించుకుంటూ ఉంటుంది. తాను వెళ్ళి ఆ ఊహను నోటితో నరకాలి. చావు కబురు ఒకసారి చెప్పడమే కష్టం. ఇది ఇచ్చి లాక్కోవడం.

"మరి అందరి ముందూ అలా ఎందుకు అరిచావు?"

"వాళ్ళ మొహాలు చూద్దామని. ఎవడైనా ఒక్కడు దగ్గరికొచ్చి, 'కాదమ్మా, లైల్ పోయాడు' అంటాడేమోనని. ఒక్కడూ అనలేదు. అంటే ఒక్కడికీ గట్టిగా తెలియదన్నమాట." ఆమె ఇంకో అడుగు ముందుకు వేసింది. "ఎవరు చూశారు వెర్లిన్? నాడి ఎవరు పట్టారు?"

"ఎవరూ పట్టలేదు. కనబడితే కదా! ఇంతసేపు ఆ గింజ కింద..."

"ఆ లెక్క నాకూ తెలుసు. నా గదిలోకి వచ్చేవాళ్ళని నువ్వు చూడలేదు. తెల్లగా, చల్లగా, పిలిస్తే పలక్కుండా ఉంటారు. ఉన్నాడో లేడో పక్కనున్న పెళ్ళానికే తెలియదు. మేం ఏం చేస్తామో తెలుసా? పక్కన కూర్చుని పేరు పెట్టి పిలుస్తాం. అంతే. సగం ఉద్యోగం అదే. కళ్ళు తెరవకముందే చెవులు లేస్తాయి." ఆమె గాదె వైపు చూసింది. "లైల్‌ని ఎవరైనా పిలిచారా?"

"మొదట్లో గొంతులు పోయేలా అరిచాం. తర్వాత ఫ్యాను మోత, రంపాల మోత..."

"ఇప్పుడు మోత లేదుగా."

"ఆర్డిస్, నిన్ను ఆ గాదె దగ్గరికి పోనివ్వలేను. పైన ఇంకా వేలాడుతోంది. టెస్ ఇందాకే..."

"లోపలికి పోనులే. రేకు కోసిన కంత దగ్గర నిలబడి పిలుస్తా. ఆ తర్వాత నువ్వే మాటంటే ఆ మాట. నేనే వెళ్ళి అత్తయ్యకి చెప్తా. నీకు ఆ బాధ కూడా ఉండదు."

కాదనాలి. దళపతి అన్నవాడు కాదనాలి. వెర్లిన్ కాదనలేకపోయాడు. తన హెల్మెట్ తీసి ఆమె తల మీద పెట్టాడు.

దక్షిణం వైపు కంత నడుమెత్తున ఉంది. బూజుపట్టిన అట్ట ఒకటి దానికి లోపల్నుంచి బిరడాలా అడ్డంపడి ఉంది. ఆర్డిస్ మోకాళ్ళ మీద కూర్చుని మొహం రేకుకు దగ్గరగా పెట్టింది. జనం చుట్టూ మూగారు, కానీ దూరంగా. ఆమె ఏడుపుగొంతుతో అరుస్తుందని వెర్లిన్ అనుకున్నాడు. ఆమె అరవలేదు. రోజూ ఆసుపత్రిలో పిలిచే గొంతుతోనే, స్పష్టంగా, తొందరేం లేనట్టుగా పిలిచింది.

"లైల్. లైల్ థోర్సన్. అంతా అయిపోయింది. కళ్ళు తెరువు."

గాలి లేదు. పొలం అవతల ఎక్కడో ఒక కాకి అరిచింది.

"లైల్. నేను ఆర్డిస్‌ని. నీ పేరేంటో చెప్పు."

మళ్ళీ ఆగింది. మళ్ళీ పిలిచింది. అదే గొంతు, అదే వరస. డ్వేన్ ముక్కు తుడుచుకుంటూ అటు తిరిగాడు. ఆ పిలుపు వినడం కంటే ఆ గింజ మీదపడినా బాగుండుననిపించింది వెర్లిన్‌కు. చాలు, లేపి తీసుకెళ్ళిపోదామని వంగాడు.

"లైల్, మీ అమ్మ సూపు కాచి కూర్చుంది," అంటోంది ఆర్డిస్. ఈసారి గొంతులో కొంచెం విసుగు, ఇంట్లో పిలిచే విసుగు. "చల్లారిపోతోంది. ఇక లే."

కంత అంచు నుంచి గింజలు కాసిని జారాయి. ఒక దోసెడు ఉంటాయేమో. అవి మంచు మీద టపటపా రాలి ఆగిపోయాయి.

వెర్లిన్ వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

"గింజ సర్దుకుంటోందిలే," అన్నాడు వెనక నుంచి డ్వేన్. "పొద్దుట్నించీ అంతే. ఆశపెట్టకు ఆవిడకి."

"మళ్ళీ పిలువు," అన్నాడు వెర్లిన్.

"లైల్!"

ఏమీ లేదు.

"ఇంకోసారి."

"లైల్, వింటున్నావా? విన్నావంటే కదులు."

జారింది. ఈసారి నాలుగు గింజలే, కానీ జారాయి. సర్దుకునే గింజ పిలిస్తే సర్దుకుంటుందా? వెర్లిన్ చేతి తొడుగు పీకి పారేసి కంత ముందు బోర్లా పడ్డాడు. అట్టను వేళ్ళతో పెకలించసాగాడు. డ్వేన్ వచ్చి కోటు కాలరు పట్టుకున్నాడు.

"నీ నోటితోనే అన్నావుగదరా రికవరీ అని! రికవరీకి చెయ్యి పెడతారా ఎవరైనా? ఆ రేకు అంచు కత్తి. పైనుంచి జారిందంటే భుజం దాకా తెగి లోపలే ఉండిపోద్ది!"

"కాలరు కాదు, కాళ్ళు పట్టుకో. జారితే లాగు."

"వెర్రి వెధవా!" అన్నాడు డ్వేన్. అని, కాళ్ళు పట్టుకున్నాడు.

అట్ట ముక్కలై ఊడింది. వెనక గింజ విరుచుకుపడుతుందనుకున్నాడు. పడలేదు. చెయ్యి మోచేతి దాకా పోయింది, భుజం దాకా పోయింది. పైన అరచేతికి ఏటవాలుగా ఏదో గట్టిగా తగిలింది. విరిగిన పెచ్చు తాలూకు పెద్ద పలక. అది గోడకు ఆనుకుని ఇంటికప్పులా నిలబడిపోయింది. దాని కింద ఖాళీ ఉంది. ఖాళీ! ఇంకా లోపలికి చాచాడు. బట్ట తగిలింది. చొక్కా చెయ్యి. దాని చివర వేళ్ళు.

"దొరికాడు."

జనం రెండడుగులు దగ్గరికి జరిగారు.

"ఎలా ఉన్నాడు?" అంది ఆర్డిస్.

"చెయ్యి దొరికింది. చల్లగా ఉంది." నొక్కి చూశాడు. ఆ వేళ్ళలో చలనం ఉందో లేదో, ఉన్నది తన వణుకో, అంతుపట్టలేదు. "నా వేళ్ళూ కొయ్యలైపోయాయి ఆర్డిస్. నాకు తెలియడం లేదు."

డ్వేన్ టోపీ తీశాడు. అతన్ని చూసి ఇంకొకడు తీశాడు.

"తప్పుకో," అంది ఆర్డిస్.

"వద్దు. పైన..."

"నాడి పట్టడం నీ పనా, నా పనా? తప్పుకో!"

అంత చలిలో కోటు విప్పి, చేతిమడత పైకి లాక్కుని, అతను లేచిన చోట పడుకుని చెయ్యి లోపలికి చాచింది. చెంప రేకుకు ఆనింది. కళ్ళు మూసుకుంది. నర్సులు నాడి చూసేటప్పుడు మొహంలో ఏమీ కనబడనివ్వరు. ఆమె మొహంలోనూ ఏమీ కనబడలేదు. వెర్లిన్ ఆ మొహాన్నే చూస్తూ నిలబడ్డాడు. ఉత్తరపు గోడ వైపు గాదె ఒకసారి మూలిగింది. పైనుంచి గింజ సన్నగా జరజరా రాలిన చప్పుడు. ఆమెను లాగెయ్యడానికి చెయ్యి ముందుకు వేశాడు. కళ్ళు తెరవకుండానే ఆమె రెండో చెయ్యెత్తి ఆగమంది.

ఆగాడు. ఆ క్షణంలో వెర్లిన్ దేవుణ్ణి ఏమీ అడగలేదు. సెల్మా వంటగది ఒక్కటే కళ్ళముందు మెదిలింది.

ఆర్డిస్ కళ్ళు తెరిచింది.

"ఫ్యాను ఎవరాపారు?"

ఎవరికీ అర్థం కాలేదు.

"ఫ్యాను ఎవరాపారంటున్నా! వెయ్యండి! ఊపిరి తీస్తున్న మనిషికి గాలి ఆపుతారా సన్నాసుల్లారా!"

డ్వేన్ పరిగెత్తాడు. మోకాళ్ళ నొప్పులని పదేళ్ళుగా చర్చిలో కూడా లేచి నిలబడని మనిషి, గింజదిబ్బ మీద జారిపడి, పాక్కుంటూ లేచి, మళ్ళీ పరిగెత్తాడు. వాకిలి మొత్తం పరుగు అందుకుంది. ఫ్యాను హోరుమంది. టెస్ దుప్పటి విసిరేసి, పక్కటెముకలు పట్టుకునే, "పలక కింద చెక్కలు దూర్చండి, ముందు ఆసరా పెట్టండి, ఆ తర్వాతే రేకు కొయ్యండి" అని అరుస్తూ దిగింది. ఇద్దరు చెక్కలు మోసుకొచ్చారు, ఒకడు రేకు కత్తెర తెచ్చాడు.

"వేలు పట్టుకున్నాడు వెర్లిన్," అంది ఆర్డిస్. ఇప్పుడు ఏడుస్తోంది. ఉల్లిపాయలేమీ లేవు. "పట్టుకుని వదలడం లేదు."

వెర్లిన్ బండి దాకా వెళ్ళి, మైకును దాని వైరు చాలినంత మేర కిటికీలోంచి బయటికి లాగాడు. అక్కణ్ణుంచి ఆమె కనబడుతుంది.

"కౌంటీ, హెలికాప్టర్ని వెనక్కి తిప్పండి. అర్జంటు. ఎంత దూరం పోయినా సరే."

"చీఫ్?" బండి స్పీకర్లో ఆ పిల్ల గొంతు తడబడింది. "ఇందాక రికవరీ అన్నారు కదండీ. అది కొట్టేసి రెస్క్యూ అని మార్చనా?"

మార్చు అనబోయాడు. నోటి చివరి దాకా వచ్చింది.

"మార్చకు!" రేకుకు చెంప ఆనించి ఉన్న ఆర్డిస్ ఫ్యాను హోరు మీంచి అరిచింది. "అత్తయ్య వింటోంది. ఇప్పుడు రెస్క్యూ అన్నావంటే, మరి ఇందాకటిదేంటని అడుగుతుంది. ఆ మాటే ఉండనీ!"

వెర్లిన్ మైకు వంక చూశాడు. తర్వాత మీట నొక్కాడు.

"మార్చొద్దు," అన్నాడు. "రికవరీయే. హెలికాప్టర్ పంపు."

"చీఫ్, నాకు అర్థం కావడం లేదు."

"అర్థం తర్వాత చెప్తానమ్మా. ముందు పంపు."

పొలాల అవతల, ఫ్రిజ్ మీది రేడియోలో, సెల్మా ఆ మాట రెండోసారి విని ఉంటుంది. ఆమెకు అందులో కొత్త సంగతేమీ లేదు.